పల్లెలో కాపురం, పద్దులో లెక్క

పాలమూరు చెలకల్లో ఆముదం పంట ఒక్కసారిగా ఇంటికి రాదు. గెలలు ముదిరినకొద్దీ విడతలు విడతలుగా కోస్తారు. కోతకొచ్చిన కూలీలకు కొంత డబ్బు ఇస్తారు, కొంత గింజలు కొలుస్తారు. మధ్యలో ఉప్పూ పప్పూ కోసం నాలుగు మానికల ఆముదాలు దుకాణానికి వెళ్తాయి. పక్కింటి కాడెడ్లు తెచ్చుకున్నందుకు బదులుగా ఇంటి మనిషి వాళ్ళ చేలో రెండు రోజులు పనిచేసి వస్తాడు. ఏడాది తిరిగాక ఎవరో పట్నం నుంచి జీపులో దిగి, “ఈ యేడు ఆముదం మీద ఎంత మిగిలింది?” అని అడిగితే ఆ రైతు ఏం చెప్తాడు? తోచిన అంకె ఒకటి చెప్తాడు. వచ్చినాయన రాసుకుని వెళ్తాడు. అలాంటి అంకెలు లక్ష పోగేసి కంప్యూటరుకు అప్పజెప్పినా, మొదటిరోజు దొర్లిన తప్పు చివరిదాకా అలాగే ఉంటుంది.

ఈ చిక్కు విప్పడానికి 1975లో పటాన్‌చెరు కేంద్రంగా మొదలైన ఒక పనిని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ చేపట్టిన ‘విలేజ్ లెవెల్ స్టడీస్’ అది. గ్రామస్థాయి అధ్యయనాలు అనుకుందాం. జనం మధ్య ఉండి, వాళ్ళ బతుకును వాళ్ళ వైపు నుంచి చూసే పద్ధతిని మానవ శాస్త్రంలో ఎత్నోగ్రఫీ అంటారు. దాన్నీ డేటా విశ్లేషణనూ ఎలా కలపాలని ఇవాళ విశ్వవిద్యాలయాలు తలలు పట్టుకుంటున్నాయి. ఆ రెండూ ఒకే అరుగు మీద కూర్చున్న పని యాభై ఏళ్ళ కిందటే మన ఇంటి పక్కన జరిగింది. మానవ శాస్త్రవేత్తలు దాన్ని ఆర్థికవేత్తల వ్యవహారమని వదిలేశారు. ఆర్థికవేత్తలేమో అందులోని అంకెలు తీసుకుని, అవి వచ్చిన తీరును ముందుమాటల్లో రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఆ తీరే దాని గొప్పతనమని నా అభిప్రాయం.

పల్లెను దగ్గరగా చదవడం మనకు కొత్తేమీ కాదు. మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో ఉస్మానియా బృందంతో కలిసి హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకం తెచ్చారు. కులాలు, కుటుంబాలు, పండుగలు, పెద్దమనుషుల పంచాయితీలు అందులో ఉన్నాయి. మరోవైపు ఢిల్లీ లెక్కల్లో దేశమంతటి ఇళ్ళూ నమూనా సర్వేలుగా వచ్చి చేరేవి. దూబే పుస్తకం చదివితే ఊరు కళ్ళకు కడుతుంది గానీ, ఫలానా ఇంటికి ఫలానా కరువు ఏడు ఎంత దెబ్బ తగిలిందో తెలియదు. సర్వే చూస్తే దెబ్బ ఎంతో తెలుస్తుంది, ఆ ఇల్లు ఎలా తట్టుకుందో తెలియదు.

ఇక్రిశాట్ ఆరు ఊళ్ళను ఎంచుకుంది. అప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లాలో శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లాలో కాంజరా, కిన్‌ఖేడా. పాలమూరువి ఎర్రనేలలు, నమ్మలేని వానలు. షోలాపూర్‌వి లోతైన నల్లరేగళ్ళు, యాసంగి జొన్న. అకోలాలో వాన కాస్త నిలకడ, పత్తి ప్రధానం. ఒక్కో ఊళ్ళో 40 ఇళ్ళు: పది కూలి ఇళ్ళు, పది చిన్న రైతులవి, పది మధ్యరకం, పది పెద్ద రైతులవి. మొత్తం 240.

ఇక్కడే పనితనం మొదటిసారి కనిపిస్తుంది. పెద్ద రైతంటే ఎవరు? పది ఎకరాలని కాగితం మీద గీత గీసి ఆరు ఊళ్ళకూ అదే వర్తింపజేయడం సులువు. ఔరేపల్లి చెలకలో పది ఎకరాలున్నవాడికీ అకోలా రేగడిలో పది ఎకరాలున్నవాడికీ పోలికే లేదు. అందుకని ఏ ఊరి గీత ఆ ఊరికే గీశారు. ఆ ఊరి రైతులను కమత విస్తీర్ణం ప్రకారం మూడు సమాన భాగాలుగా విడదీసి, పైభాగాన్ని పెద్ద రైతులన్నారు. అర ఎకరం లోపు సాగు ఉన్నవాళ్ళను కూలి ఇళ్ళ కింద లెక్కించారు. ఊళ్ళో నిలబడి చూస్తే ఎవరు పెద్దగా కనిపిస్తారో వాళ్ళే లెక్కలోనూ పెద్దయ్యారు. విశ్లేషణ మొదలవకముందే వర్గీకరణలోకి ఊరి చూపు వచ్చి చేరింది.

రెండోది, లెక్క రాసే మనిషి. ప్రతి ఊళ్ళోనూ ఒక పరిశోధకుడు కాపురమున్నాడు. వ్యవసాయ అర్థశాస్త్రం చదివి, పల్లెటూరి నుంచి వచ్చి, ఆ ప్రాంతపు భాష మాట్లాడేవాడినే తీసుకున్నారు. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, కిందటిసారి వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఏం జరిగిందో అడిగి రాసుకోవాలి. పొలం పనులకు ఒక ఫారం, కూలీలకూ ఎడ్లకూ ఒకటి, ఇంటి లావాదేవీలకు మరొకటి. మూడు వారాల కిందట ఏ మడిలో ఎవరు కలుపు తీశారో, కూలి గింజల రూపంలో ఇచ్చారో రొక్కం ఇచ్చారో రైతుకు గుర్తుంటుంది. ఏడాది కిందటిది గుర్తుండదు. అంకె నికరం కావడానికి వేరే మంత్రమేమీ లేదు, గుర్తున్నప్పుడే అడగడం ఒక్కటే. అలా అడగాలంటే ఊళ్ళోనే ఉండాలి.

లావాదేవీల ఫారంలో ఎలాంటి వాటికి చోటు కావాలో ఆలోచించండి. చేబదుళ్ళున్నాయి. వాటికి వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, చాలామంది వాటిని అప్పు కింద జమకట్టరు. “మీకు అప్పులున్నాయా?” అంటే లేవనే అంటారు, అబద్ధమాడుతున్నట్టు వాళ్ళకు తోచదు కూడా. నాగుకు తెచ్చిన జొన్నలున్నాయి, పంట రాగానే తెచ్చినదానికి పైన కలిపి కొలవాలి. ఏడాది జీతానికి కుదిరిన జీతగాడికి ముందే ఇచ్చిన బయానా ఉంది. అది కూలా, అప్పా? ఔరేపల్లిలో కల్లుగీత కుటుంబాలున్నాయి, వాళ్ళ రాబడి రోజువారీది, భూమి లెక్కలో ఎక్కడా కనిపించదు. వీటిలో దేన్ని ఏ గడిలో రాయాలో తేలాలంటే ఆ ఊళ్ళో ఆ మాటకున్న అర్థం తెలియాలి. ఇక్రిశాట్ ఆర్థికవేత్తలు హాన్స్ బిన్స్‌వాంగర్, ఎన్.ఎస్. జోధా 1978లో ఈ పరిశోధకుల కోసం ప్రత్యేకంగా ఒక సూచనల పుస్తకమే తయారుచేశారు. ఊళ్ళలోని సామాజిక బృందాలనూ అంతరాలనూ ఎలా గుర్తించాలో చెప్పే మార్గదర్శిని విక్టర్ డోహర్టీ 1982లో రాశారు. ఆయన మానవ శాస్త్రవేత్త. గింజల మీద పరిశోధించే సంస్థ మానవ శాస్త్రవేత్తను కొలువులో పెట్టుకుందంటేనే ఆ పని వెనక ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది.

బిన్స్‌వాంగర్ చేసిన ప్రయోగం ఒకటి దగ్గరగా చూడదగ్గది. మెట్ట రైతు కొత్త వంగడం వేయడానికి జంకుతాడు, పేదవాడు మరీ జంకుతాడు అని అందరూ అనుకునేవారు. నిజమా? మొదట మాటలతో అడిగి చూశారు: ఇంత ఖాయంగా వస్తుంది, లేదా అదృష్టముంటే అంత వస్తుంది, ఏది కావాలంటావు అని. ఆ జవాబులు అడిగిన మనిషిని బట్టి మారిపోయాయి. దాంతో నిజం డబ్బుతో ఆడించారు. నాణెం ఎగరేస్తారు. ఏ జత కావాలో రైతు ముందే చెప్పాలి. మొదటి జత ఎంచుకుంటే బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 రూపాయలు ఖాయం. తర్వాతి జతలో ఒకవైపు 45, మరోవైపు 95. ఇంకా తెగువ ఉంటే 40–120, ఆపైన 30–150. చిట్టచివరిది తగిలితే 200, లేకపోతే సున్నా. అర్ధరూపాయి పందేలతో మొదలుపెట్టి పెద్ద మొత్తాలదాకా తీసుకెళ్ళారు. పైస్థాయి పందెం కూలివాడి నెల సంపాదనను మించిపోయింది. గెలిచిన డబ్బు చేతిలో పెట్టారు.

ఫలితం 1980లో అచ్చయింది. మొత్తం పెద్దదయ్యేసరికి దాదాపు అందరూ ఒకే రకంగా, మధ్యస్థంగా జంకారు. ఆస్తి ఎక్కువున్నవాళ్ళకూ తక్కువున్నవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పేదరైతు కొత్తదానికి చేయి చాచకపోతే దానికి కారణం పిరికితనం కాదు. అప్పు పుట్టకపోవడం, నీరు లేకపోవడం, సమాచారం అందకపోవడం వంటివి వెతకాలి. మెట్టరైతు మీద పడ్డ నిందను ఒక నాణెం తుడిచేసింది. నాకు అంతకంటే నచ్చింది ఏమిటంటే, మాటలతో అడిగిన పద్ధతి విఫలమైందని, అడిగేవాళ్ళ ప్రభావం జవాబుల్లో పడిందని బిన్స్‌వాంగర్ ఆ పత్రం సారాంశంలోనే రాశారు. దాచుకోవచ్చు, దాచలేదు. అంతమంది పల్లె జనం ఓపికగా ఈ ఆట ఆడారంటే, డబ్బు నిజంగా ఇస్తారని నమ్మారంటే, అప్పటికే ఆ ఊళ్ళో ఉంటున్న పరిశోధకుడి మీదున్న గురి కూడా కారణమేనని నేననుకుంటాను.

పదేళ్ళ పద్దులు చేతికొచ్చాక ప్రపంచంలోని గణాంక విశ్లేషకులు వాటి చుట్టూ మూగారు. మార్క్ రోజెన్‌జ్‌వైగ్, ఒడెడ్ స్టార్క్ 1989లో ప్రచురించిన పత్రం మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పుకునే సంగతిలా ఉంటుంది. ఆడపిల్లలను దూరపు ఊళ్ళలోని చుట్టరికాల్లోకి ఇచ్చిన కుటుంబాలకు పంట దెబ్బతిన్న ఏడు తిండి ఖర్చులో ఒడుదొడుకులు తక్కువ. సేద్యపు రాబడి నిలకడ లేని ఇళ్ళు ఇంకా దూరం సంబంధాలు చేసుకుంటున్నాయి. ఇక్కడ వాన పడకపోయినా అల్లుడి ఊళ్ళో పడొచ్చు. పెళ్ళి సంబంధాన్ని మానవ శాస్త్రవేత్తలు ఎన్నో రకాలుగా వివరించారు. అది కరువు బీమాగానూ పనిచేస్తుందని అంకెల్లో చూపడానికి మాత్రం, ఏ ఇంటి పిల్ల ఏ ఊరు వెళ్ళిందో, ఆ ఇంట్లో ఏ ఏడు ఏం తిన్నారో రెండూ ఒకేచోట రాసి ఉండాలి. ఆ పద్దుల్లో ఉన్నాయి.

అదే రోజెన్‌జ్‌వైగ్ 1993లో కెనెత్ వోల్పిన్‌తో కలిసి ఎడ్ల సంగతి తేల్చారు. కరువొస్తే రైతు ఎడ్లను అమ్ముకుని తింటాడు, వాన పడ్డ ఏడు దున్నడానికి ఎడ్లుండవు. రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఔరేపల్లి, శిరాపూర్, కాంజరా లెక్కలు తీసి, ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదని, ఊరి సగటుతో పాటు కదులుతుందని చూపారు. చేబదుళ్ళు, చుట్టరికాలు, దాపుడు గింజలు కలిసి చేసే పని అది. భూమి లేనివాళ్ళ విషయంలో ఈ రక్షణ అంత గట్టిది కాదని తర్వాతివాళ్ళు వాదించారు. ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఆ మాటలోనూ ఆశ్చర్యం కనిపించదు.

పోషకాహారం మీద ఆర్థికవేత్తలు బెర్మన్, దేవలాలికర్ 1987లో చెప్పింది పైకి వింతగా తోస్తుంది. రాబడి పెరిగితే తిండి మీద ఖర్చు పెరిగింది గానీ ఒంటికి అందే పోషకాలు దాదాపు పెరగలేదు. చేతిలో డబ్బు ఆడితే జనం ఎక్కువ తినడం కంటే రుచిగా తినడానికి ఖర్చు పెడుతున్నారన్నమాట. జొన్న గట్క తిన్నవాళ్ళకు వరన్నం అంటే ఏమిటో పాలమూరులో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. అంకె ఆగిపోయిన చోట ఆమె మాట అందుకుంటుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది జోధా గురించి. ఈ అధ్యయనాలకు రూపమిచ్చిన వాళ్ళలో ఆయన ఒకరు. ఇక్రిశాట్‌కు రాకముందు, 1960ల మధ్యలో, రాజస్థాన్‌లోని రెండు పల్లెల్లో ఆయన ఇంటింటి వివరాలు సేకరించి ఉన్నారు. 1982–84లో మళ్ళీ అవే ఊళ్ళకు, అవే ఇళ్ళకు వెళ్ళారు. రాబడి లెక్క కట్టి ధరల తేడా సవరిస్తే, 36 కుటుంబాల తలసరి రాబడి ఐదు శాతానికి మించి తగ్గింది. పేదరికం లెక్కల ప్రకారం వాళ్ళు దిగజారినట్టే. ఇరవై ఏళ్ళ కిందట చూసిన ఇళ్ళు మళ్ళీ చూస్తుంటే ఆయన కళ్ళకు మాత్రం అలా కనిపించలేదు. ఆ ఇళ్ళవాళ్ళూ తాము చితికిపోయామని అనలేదు.

చాలామంది పరిశోధకులు ఇక్కడ ఏదో ఒక పక్క చేరతారు. అంకె చెప్పింది నిజం, జనానికి తెలియదు అంటారు. లేదా జనం మాటే నిజం, అంకెలు దండగ అంటారు. జోధా మూడో పని చేశారు. మీ స్థితి బాగుపడిందో లేదో మీరు దేన్ని బట్టి చెబుతారని ఊరివాళ్ళనే అడిగారు. వాళ్ళు 38 గుర్తులు చెప్పారు. ఇంట్లో ఎవరైనా ఆసామి దగ్గర కట్టుబడి పనిచేస్తున్నారా? ఆసామి స్థలంలో గుడిసె వేసుకుని ఉంటున్నారా? విత్తనాల కోసం ఆయన దగ్గరికే పోవాల్సి వస్తోందా? ఎండాకాలం పెద్దవాళ్ళు మూడోపూట తిండి మానుకుంటున్నారా? ఆడవాళ్ళూ పిల్లలూ రోజూ కాళ్ళకు చెప్పులు తొడుగుతున్నారా? మనుషులకూ పశువులకూ వేరువేరు చోటు ఉందా?

ఈ ప్రశ్నలను మరోసారి చదవండి. ప్రతిదానికీ అవును, కాదు అని జవాబు చెప్పొచ్చు. ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టొచ్చు. జోధా లెక్కపెట్టారు. ఇరవై ఏళ్ళ కిందటి తన వివరాలతో పోల్చారు. రాబడి తగ్గిన ఆ 36 కుటుంబాలు 38 గుర్తుల్లో 37 ప్రకారం సగటున మెరుగుపడ్డాయి. మిగిలిన ఒక్కటీ పాల వాడకం. పాలు ఊరు దాటి అమ్ముడుపోవడం పెరిగి, ఇంట్లో తాగడం తగ్గింది. ఈ పత్రం 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది.

ఇందులోని నేర్పు చూడండి. గుర్తులు ఏరింది ఊరు, కొలిచింది పరిశోధకుడు. ఆసామి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం తప్పడం ఎంత విలువైనదో రూపాయల్లో చెప్పలేం, కానీ ఎన్ని ఇళ్ళకు ఆ అవసరం తప్పిందో లెక్క చెప్పగలం. మర్యాదను కొలవలేమని చేతులెత్తేసే మేధావులకు ఇది మంచి జవాబు. రెండోసారి వెళ్ళినప్పుడు పోల్చి చూడడానికి మొదటిసారి రాసుకున్నవి పనికొచ్చాయంటే, ఎందుకు పనికొస్తాయో తెలియని రోజుల్లోనే ఆయన అంత వివరంగా రాసుకున్నారన్నమాట. శ్రద్ధ అంటే అదీ. అలాగని రాబడి లెక్కలు వద్దని ఆయన అనలేదు. అవి ఒక్కటే చాలవన్నారు. రెండు ఊళ్ళ నుంచి దేశం మొత్తానికి తీర్పు చెప్పలేమన్నది నిజమే. కానీ దేశం మొత్తాన్ని ఏ ప్రశ్నలతో పలకరించాలో చెప్పడానికి రెండు ఊళ్ళు చాలు.

ఇక్రిశాట్ పనిలో కొరతలు లేకపోలేదు. లెక్కకు ప్రమాణం ఇల్లు. ఇంటి గడప లోపల ఎవరికి ఎంత దక్కిందో పద్దులో కనిపించదు. మనిషి మనిషికీ తిండి లెక్క తీసిన పోషకాహార సర్వే ఉండబట్టి ఆ లోపం కొంత తీరింది. తిండికి కటకటగా ఉన్న నెలల్లో ఆడపిల్లల కంటే మగపిల్లల వైపే మొగ్గు కనిపిస్తోందని బెర్మన్ 1988లో చెప్పగలిగింది దాని వల్లే. లేకపోతే ఆ ఆడపిల్లల ఆకలి ఇంటి సగటు కింద కలిసిపోయేది. నా మటుకు ఈ అధ్యయనాలన్నిటిలో ఇంకా విస్తారంగా ఉండాల్సిన భాగం అదే.

పదేళ్ళ తర్వాత, 1985లో, క్రమం తప్పని సేకరణ ఆగింది. దాదాపు పదిహేనేళ్ళ విరామం తర్వాత 2000ల మొదట్లో మళ్ళీ మొదలైంది. 2009 నుంచి గేట్స్ ఫౌండేషన్ సాయంతో భారత్‌లో 30, బంగ్లాదేశ్‌లో 12, మొత్తం 42 ఊళ్ళకు విస్తరించింది. ఈలోగా పాలమూరు వలస బాట పట్టింది. ఊళ్ళో మిగిలినవాళ్ళనే లెక్కిస్తే సగం కథే తెలుస్తుందని గ్రహించి, స్టీఫన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్, సోఫియా క్రుతికోవా తొలినాటి కుటుంబాల మనుషులను ఊరు దాటి వెళ్ళిన చోటా వెతికి పట్టుకున్నారు. 1975 నుంచి 2006 దాకా జీవన ప్రమాణాలు గట్టిగానే పెరిగాయని వాళ్ళు 2013లో చూపారు. తొలి దశాబ్దపు లెక్కలన్నీ ఒకచోట చదవాలనుకునేవాళ్ళకు థామస్ వాకర్, జేమ్స్ ర్యాన్ 1990లో రాసిన పుస్తకం ఉంది. మెట్ట ప్రాంతపు పల్లెల మీద అంత నిదానంగా రాసిన పుస్తకాలు తక్కువ.

ఇప్పుడు ఫోను మీద వేలు కదిపితే చాలు, కోట్ల వివరాలు పోగవుతున్నాయి. ఏ రైతు ఏ మందు కొన్నాడో, ఏ కూలీ ఏ రైలెక్కాడో ఎక్కడో నమోదవుతూనే ఉంది. అంత డేటా ఉన్నప్పుడు ఇక ఊరికి వెళ్ళడమెందుకు అనేవాళ్ళు పెరుగుతున్నారు. వాళ్ళకు నేను ఔరేపల్లి పద్దులు చూపిస్తాను. ఆ అంకెలతో ఇప్పటికీ కొత్త పత్రాలు రాయగలుగుతున్నారంటే, ప్రతి గడి వెనకా ఆ ఇంటిని ఎరిగిన మనిషి ఉన్నందువల్లే.

ఆ డేటాను ఇక్రిశాట్ ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. మన విశ్వవిద్యాలయాల్లో సోషియాలజీ, ఆంత్రోపాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదువుతున్న పిల్లలకు ఒక్క మాట. తొలి ఆరు ఊళ్ళలో రెండు మనవి. వాటి లెక్కలు తీసి చదవండి. మీ పరిశోధనకు ఇరవై ప్రశ్నల ఫారం అచ్చువేయించే ముందు, ఆ ఊళ్ళో ఓ నెల రోజులు ఉండి, బాగుపడటమంటే ఏమిటని అక్కడివాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పిన గుర్తులతో ఫారం తయారుచేసుకోండి. అధ్యాపకులు ఆ నెల రోజుల గడువును పిల్లలకు తప్పకుండా ఇవ్వాలి.